పైడితల్లి సిరిమాను పండక్కి మీ ఇంట్లో ఉన్న విదేశీ స్టూడెంట్‌ని ఎలా తీసుకెళ్లాలి

ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో వచ్చిన పిల్లో పిల్లాడో ఈ ఏడాది మీ ఇంట్లో ఉంటే, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మీకు కొంచెం కంగారుగానే ఉంటుంది. పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే అమ్మవారి పండగ ఇది. విజయనగరంలో సిరిమాను అంటే మామూలు సందడి కాదు. ఇంటినిండా చుట్టాలు, వీధినిండా జనం, దానికి తోడు మన భాష రాని పదహారేళ్ల పిల్ల. ఆ టెన్షన్‌లో చాలామంది ఓ సులువైన దారి పడతారు. మేడమీద కుర్చీ వేసి, చేతిలో కూల్‌డ్రింక్ పెట్టి, సిరిమాను దాటగానే కిందికి దింపేస్తారు. పిల్ల నాలుగు ఫొటోలు తీసుకుని థాంక్యూ చెబుతుంది. పండగ చూసినట్టే ఉంటుంది గానీ చేసుకున్నట్టు ఉండదు.

నేను చెప్పేది ఒకటే. ఆ రోజు ఆ పిల్లకి ఇంట్లో ఒక పని ఉండాలి, వీధిలో ఒక తోడు ఉండాలి. ఈ రెండూ అమిరితే మిగతావన్నీ చిన్న విషయాలే. అవి ఎలా అమర్చుకోవాలో, ఎప్పటినుంచి మొదలుపెట్టాలో మా ఊరి పద్ధతిలో చెబుతాను. అమ్మాయి అనుకుని రాస్తున్నాను. అబ్బాయైనా ఇంచుమించు ఇంతే.

పండక్కి మూడు నాలుగు వారాల ముందు

ముందు తేదీ చూసుకోండి. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్లు. 2024లో అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న జరిగింది. స్కూలు, పరీక్షలు, ప్రోగ్రాం వాళ్ల క్యాంపులు ఆ రెండు రోజులకి అడ్డం రాకుండా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. పిల్ల విశాఖలోనో శ్రీకాకుళంలోనో వేరే కుటుంబం దగ్గర ఉండి, పండక్కి మాత్రం మీ ఇంటికి వస్తోందంటే వాళ్ల కోఆర్డినేటర్ అనుమతి కావాలి. నోటిమాట సరిపోదు, మెసేజో మెయిలో పెట్టించుకోండి.

ప్రోగ్రాం నియమాలు ఇంట్లో అందరికీ తెలియాలి. రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్‌లో మందు, మత్తుపదార్థాలు, బండి నడపడం, డేటింగ్ ఈ నాలుగూ కూడవు. మిగతా సంస్థలకీ ఇలాంటి నియమాలే ఉంటాయి. మామూలు రోజుల్లో ఎవరూ మీరరు. పండగరోజు మాత్రం వరసకి బావయ్యే కుర్రాడు సరదాగా "ఓ రౌండు నడుపుతావా" అని బండి తాళం చేతిలో పెడతాడు. అది జరిగితే పిల్లని మధ్యలోనే వెనక్కి పంపేయొచ్చు. అందుకని మీ కుర్రాళ్లకి ముందే కూర్చోబెట్టి చెప్పండి, అందరి ఎదుటా గద్దించాల్సిన అవసరం రాకుండా.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ వారాల్లో ఒకసారి పిల్లని హుకుంపేట తీసుకెళ్లండి. సిరిమాను కోసం ఏ చెట్టు కొట్టాలో అమ్మవారు పూజారి కలలో కనబడి చెబుతుందని మన నమ్మకం. ఆ చింతచెట్టుకి పూజ చేసి, కొట్టి, ఊరేగింపుగా హుకుంపేటలో పూజారి గారి ఇంటికి తెస్తారు. అక్కడే వడ్రంగులు దాన్ని చెక్కి సిరిమానుగా తయారుచేస్తారు. పండగరోజు ఏభై అరవై అడుగుల ఎత్తున ఊగే మాను అక్కడ నేలమీద పడుకుని ఉంటుంది. పిల్ల దాన్ని చేత్తో తాకొచ్చు, మొదలు ఎంత లావుందో, చివర ఎంత సన్నమైందో చూడొచ్చు. జనాల తోపులాట ఉండదు, అడిగినదానికి తీరిగ్గా జవాబు చెప్పొచ్చు. "ఆయన పడిపోడా?" అన్నది ఎవరైనా మొదట అడిగే ప్రశ్న. మాను మొదలు బండికి ఎలా బిగిస్తారో, చివర పూజారి కూర్చునే ఆసనం ఎక్కడ వస్తుందో అక్కడైతే చూపించి చెప్పొచ్చు. ఆ ఒక్కపూట వెళ్లొస్తే పండగరోజు పిల్లకి ఏం జరుగుతోందో తెలుస్తుంది, గుంపులో బిక్కమొహం వేసుకుని నిలబడదు.

కథ చెప్పడం

కథ కూడా ఈ రోజుల్లోనే చెప్పేయండి. పండగరోజు డప్పుల మోతలో ఎవరికీ ఏమీ వినబడదు. చరిత్రని చరిత్రగా, నమ్మకాన్ని నమ్మకంగా చెప్పండి. పిల్లలు ఆ తేడాని బాగా పట్టుకుంటారు, మీ మాటమీద గౌరవమూ పెరుగుతుంది.

1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. విజయనగరం రాజు పూసపాటి పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీదికి వెళ్లాడు. కోట పడిపోయింది, ఆడవాళ్లతో సహా లోపలివాళ్లు దాదాపు అందరూ పోయారు. ఆ తరవాత కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలోకి చొరబడి విజయరామరాజుని చంపాడు. ఇంతవరకూ చరిత్ర. రాజుగారి చెల్లెలు పైడిమాంబ అన్నకి కీడు జరగబోతోందని తెలిసి తల్లడిల్లిందనీ, అన్న పోయాక తనూ దేవిలో ఐక్యమైందనీ, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందనీ మనవాళ్లు చెప్పుకునేది. ఆ చెల్లెలే ఇవాళ మన ఇలవేల్పు. ఫ్రాన్సు నుంచి వచ్చిన పిల్లయితే బుస్సీ పేరు దగ్గర తప్పకుండా ఆగుతుంది. మా వీధిలో ఒకింట్లో ఉన్న ఫ్రాన్సు అమ్మాయి ఆ రాత్రే వాళ్ల నాన్నకి ఫోన్‌చేసి అడిగిందట, మన చరిత్ర పుస్తకంలో ఈ ఊరి పేరు ఎందుకు లేదని.

కోట చూపిస్తే కథకి ఒక చోటు దొరుకుతుంది. 1713లో కట్టిన కోట అది. సిరిమాను మూడు లాంతర్ల కూడలిలో ఉన్న అమ్మవారి చదురుగుడి దగ్గర బయల్దేరి కోటదాకా వెళ్లి తిరిగొస్తుంది, అలా మూడుసార్లు. రాజకుటుంబం కోట పడమటి బురుజు మీద కూర్చుని చూస్తారు. పండక్కి వారం ముందు ఓ సాయంత్రం మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోటదాకా పిల్లతో ఆ దారి నడవండి. ఎక్కడ నిలబడతారు, ఏ సందులోంచి బయటపడతారు, తెలిసినవాళ్ల ఇల్లు ఎక్కడుంది, అన్నీ ఆ నడకలోనే తేల్చుకోండి.

అడగాల్సిన మూడు సంగతులు

పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇవి అడగండి. మొహమాటపడొద్దు.

మొదటిది మతం. వేరే మతం పిల్లయితే, ఏ మతమూ లేని పిల్లయితే, గుళ్లోకి రావడం, బొట్టు పెట్టించుకోవడం, దండం పెట్టడం, ప్రసాదం తినడం వీటిలో ఏది సరే, ఏది వద్దు అని ఆమె నోటే చెప్పించండి. కొంతమందికి అన్నీ సరదాయే. కొంతమంది గుడి బయట నిలబడతామంటారు. ఏదైనా సరే అని మీరు చెబితే పిల్ల మనసు తేలికపడుతుంది. ఇంట్లో మామ్మగారికి కూడా చెప్పి ఉంచండి, "బొట్టు వద్దంటే వద్దు, ఏమీ అనుకోకూడదు" అని.

రెండోది మొక్కులు. అమ్మవారి పండగ కదా, కొన్ని ఇళ్లలో కోడినో మేకనో మొక్కు తీర్చుకుంటారు. పిల్ల శాకాహారి అయినా కాకపోయినా, చెప్పకుండా కళ్లపడితే బెదిరిపోతుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటిది ఉంటే ముందే చెప్పి, ఆ పూట ఆమెని వేరేచోట ఉంచండి. చూస్తానంటే అది ఆమె ఇష్టం.

మూడోది, తిండి పడకపోవడం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

అలర్జీ అంటే మనకి దురద, దద్దుర్లు గుర్తొస్తాయి. కొందరు పిల్లలకి ఊపిరాడని స్థితి కూడా వస్తుంది. ప్రోగ్రాం వాళ్లు ఇచ్చిన ఆరోగ్య ఫారంలో ఏం రాసి ఉందో ఇంకోసారి చదవండి, చదివి మన పండగ వంటకాల పక్కన పెట్టి చూడండి. పల్లీలు, జీడిపప్పు పడవంటే పులిహోర, పరమాన్నం పోపు లేకుండా, పప్పులు లేకుండా విడిగా తియ్యాలి. పాలు పడవంటే పరమాన్నమే కాదు, నెయ్యి వేసినవన్నీ. నువ్వులు, ఆవాలు యూరప్‌లో అలర్జీ జాబితాలో ఉన్న దినుసులు. ఆవ పెట్టిన అరటికాయ కూర మనకెంత ఇష్టమైనా, ఆవాలు పడని పిల్లకి ఆ గరిటె కూడా తగలకూడదు. మన పోపు మొదలయ్యేదే ఆవాలతో కాబట్టి ఆమె వంట మొత్తం వేరే బాణలిలో చేసుకోవాలి. గోధుమ పడని జబ్బు, సీలియాక్ అంటారు, ఉన్న పిల్లలకి అన్నం తినే మన ఇల్లు స్వర్గం. కానీ ఇంగువ చూసుకోండి. డబ్బాలో అమ్మే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. డబ్బా వెనక చదవండి, లేదంటే ఆ పిల్ల వంటలో ఇంగువ మానెయ్యండి. బూరెల తోపుపిండిలో మైదా వేసే అలవాటుంటే ఆరోజుకి మినప్పిండీ బియ్యప్పిండీ కలిపి చేసుకోండి. రుచి ఇంకా బాగుంటుంది కూడా.

సోమవారం: తొలేళ్లు

తొలేళ్లని అసలు పండక్కి రిహార్సల్ అనుకోండి. జనం ఉంటారు గానీ మంగళవారం అంత కాదు. దర్శనం ఇవాళో, లేదా ముందు వచ్చే ఏ మంగళవారమో చేయించేయండి. సిరిమాను రోజు చదురుగుడి క్యూలో పిల్లని గంటలతరబడి ఎండలో నిలబెట్టడం నాకు నచ్చదు. రైల్వే స్టేషన్ దగ్గరున్న వనంగుడి కూడా అమ్మవారిదే. శ్రీకాకుళం వైపు నుంచో విశాఖ నుంచో రైల్లో వచ్చేవాళ్లకి స్టేషన్ దిగగానే దగ్గర, ముందు అక్కడికి వెళ్లి దండం పెట్టుకోవచ్చు.

సాయంత్రం ఇంట్లో వాళ్లు అమ్మవారికి పసుపు, కుంకుమ, చీర, రవిక, గాజులు, అరటిపళ్లు పళ్లెంలో సర్దుతారు కదా, ఆ సర్దుడు పిల్లకి అప్పగించండి. ఏది ఎక్కడ పెట్టాలో మామ్మగారు చూపిస్తారు, పిల్ల పెడుతుంది. ఇద్దరికీ భాష అక్కర్లేదు. రాత్రి ఘటాలు వెళ్తుంటే చూపించండి. తెల్లవారుజామువరకూ మెలకువగా ఉంచకండి. తొలేళ్ల రాత్రి రైతులు గుడి దగ్గర విత్తనాలు తీసుకుని, ఇంట్లో విత్తనాలతో కలిపి చల్లుకుంటారని చెబితే పల్లెటూరి నుంచి వచ్చిన పిల్లలు చాలా ఆసక్తిగా వింటారు. వాళ్ల ఊళ్లో పంటలగురించి అప్పుడే చెప్పడం మొదలుపెడతారు. మా ఇంట్లో ఉన్న జర్మనీ పిల్ల ఎప్పుడూ అంత మాట్లాడలేదు, ఆ రాత్రి మాత్రం వాళ్ల తాతగారి పొలం గురించి చెప్పడం ఆపలేదు.

మంగళవారం పొద్దున్న: ఇంట్లో పని

పిల్లని తెల్లవారుజామున నాలుగింటికి లేపి తలంటుపోయాలనే ఉత్సాహం పెద్దవాళ్లకి ఉంటుంది. ఆరింటికి లేపండి చాలు. రోజంతా ఓపిక ఉండాలి.

ఏ పని ఇవ్వాలి? నా అనుభవంలో మూడు పనులు బాగా కుదురుతాయి. గుమ్మానికి మామిడాకుల తోరణం గుచ్చడం, గారెలు తట్టడం, వచ్చిన చుట్టాలకి మంచినీళ్లు ఇవ్వడం. మూడోది చాలా చిన్న పనిలా కనిపిస్తుంది గానీ అదే అన్నిటికంటే మంచిది. గ్లాసు అందించినప్పుడల్లా ఓ కొత్త మనిషితో పరిచయం అవుతుంది. "ఏటమ్మా, మా ఊరు నచ్చిందా?" అని వాళ్లడుగుతారు, "నచ్చింది పిన్నీ" అని ఈ పిల్ల అంటుంది. ఆ రెండు మాటలకే ఇల్లంతా మురిసిపోతుంది. ఎవర్ని ఏమని పిలవాలో ముందురోజే చెప్పి ఉంచండి: మామ్మ, తాతయ్య, పెద్దమ్మ, పిన్ని, బాబాయి, అక్క, అన్నయ్య. ఇంగ్లీషులో అందరూ ఆంటీ, అంకులే కాబట్టి మొదట తికమకపడుతుంది. మధ్యాహ్నానికి ఎవరు ఎవరి చెల్లెలో కూడా చెప్పేస్తుంది.

గారెల సంగతి. పిండి గట్టిగా రుబ్బుకోండి, పలచనైతే నేర్చుకునేవాళ్ల చేతిలో నిలవదు. ఒక నీళ్లగిన్నె, ఒక అరిటాకు ముక్క ముందు పెట్టండి. చెయ్యి తడుపుకోవడం, నిమ్మకాయంత పిండి తీసుకోవడం, ఆకుమీద తట్టడం, మధ్యలో వేలితో చిల్లు పెట్టడం వరకూ ఆమె చేస్తుంది. ఆకుమీంచి తీసి నూనెలో వెయ్యడం మాత్రం మీ పని. మొదటి నాలుగూ వంకరగా వస్తాయి. వాటిని ఏరి పక్కన పెట్టకుండా అన్నిటితో కలిపి వడ్డించండి, ఇవి ఆ పిల్ల తట్టినవని చెప్పి.

భోజనం దగ్గర ఆమెని ఒంటరిగా మొదటి బంతిలో కూర్చోబెట్టి అందరూ చుట్టూ నిలబడి చూడొద్దు. తన వయసు పిల్లల మధ్య కూర్చోబెట్టండి. చెంచా అడిగితే ఇవ్వండి, అడక్కపోతే చేత్తోనే తింటుంది. దప్పళం, పులిహోర, పప్పు ముందు కొంచెం కొంచెం వడ్డించి, కావాలంటే మళ్లీ వెయ్యండి. ఆకులో వదిలేస్తే మనవాళ్లకి చివుక్కుమంటుందని ఆ పిల్లకి తెలిసి బలవంతంగా తింటుంది, మధ్యాహ్నం జనంలో కడుపునొప్పి వస్తుంది. "చాలు అంటే చాలు" అనే మాట మీ ఇంట్లో వడ్డించేవాళ్లందరికీ చెప్పండి. ముఖ్యంగా పెద్దత్తయ్యలకి.

వీధిలోకి దిగేముందు

పట్టుచీర కట్టి తయారుచేయాలని మీకుంటుంది, ఆ పిల్లకీ ఉంటుంది. పొద్దున్న ఇంట్లో కట్టి ఫొటోలు తీయించేయండి. మధ్యాహ్నం జనంలోకి నూలు చుడీదారే మంచిది, చున్నీ రెండువైపులా పిన్ను పెట్టి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, అరిగిపోనివి. రోడ్డుమీద కొబ్బరినీళ్లు, అరటితొక్కలు కలిసి జారుడుగా ఉంటుంది. మెడలో, చెవుల్లో బంగారం వద్దు. ఫోను నడుముకి ముందువైపు కట్టుకునే చిన్న సంచిలో పెట్టించండి.

అదే సంచిలో ఒక కాగితం ఉండాలి. దానిమీద తెలుగులో ఆమె పేరు, మీ ఇంటి చిరునామా, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు, కోఆర్డినేటర్ నంబరు, ఏదైనా అలర్జీ ఉంటే ఆ సంగతి. జనం ఎక్కువైనప్పుడు ఫోన్లు కలవవు, ఆ కాగితమే పనికొస్తుంది. పాస్‌పోర్టు ఇంట్లో భద్రంగా ఉంచి, జిరాక్స్ ఇవ్వండి. ఆపదవస్తే 112, అంబులెన్సుకి 108 అని నోటికి వచ్చేలా చెప్పండి.

అక్టోబరులో మన వాతావరణం నమ్మలేం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న మన తీరాన్ని కొట్టాయి. తుపాను హెచ్చరిక ఉంటే వీధిలోకి వెళ్లే ఆలోచనే వద్దు, టీవీలో చూపించండి. మామూలు వానైతే గొడుగు కాకుండా రెయిన్‌కోటు ఇవ్వండి. గొడుగు ఊచలు పక్కవాళ్ల కళ్లకి ప్రమాదం. వాన లేకపోతే ఉక్క ఉంటుంది. సీలు తీయని నీళ్లసీసాలు, ఒకట్రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మీ సంచిలో పెట్టుకోండి.

బాత్రూం సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. మూడు లాంతర్లకీ కోటకీ మధ్య మీకు తెలిసినవాళ్ల ఇల్లు ఒకటి ఉండాల్సిందే. ఉంటే అదే మీ మకాం, అదే తప్పిపోతే కలుసుకునే చోటు కూడా. మూడు లాంతర్ల దగ్గర కలుద్దాం అనుకోవద్దు, ఊరంతా అక్కడే కలుద్దామనుకుంటుంది.

తోడు

ఒక పెద్ద మనిషి ఆ పిల్ల బాధ్యతే తీసుకోవాలి. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరు. మేనత్తో, పెద్ద అక్కో, జనంలో గట్టిగా మాట్లాడగలిగిన ఆడమనిషి అయితే మంచిది. ఆమె చేతిలో మరో పసిపిల్ల ఉండకూడదు.

ఇంకోమాట కూడా నేరుగా చెప్పాలి. జనంలో ఆడపిల్లల్ని తాకే వెధవలు అన్నిచోట్లా ఉంటారు. పరాయిదేశం పిల్లయితే వాళ్లకి ఇంకా అలుసు. ఈ సంగతి దాచిపెట్టి ఊరి పరువు కాపాడలేం. "ఎవరైనా తాకితే గట్టిగా అరువు, పండగని మొహమాటపడకు, వెంటనే అత్తకి చెప్పు" అని ముందే చెప్పండి. ఆమె చెప్పినప్పుడు "జనంలో అలాగే ఉంటుందిలే" అనకండి. ఆ క్షణమే బయటికి తీసుకొచ్చేయండి, పోలీసులు వీధివీధికీ ఉంటారు, చెప్పండి.

సెల్ఫీల గోల కూడా ఉంటుంది. తెల్ల మొహం కనబడగానే ఫోను పట్టుకుని వచ్చేస్తారు. ఒకరికి సరే అంటే వెనక ఏభైమంది నిలబడతారు. "వద్దు బాబూ, పండక్కి వచ్చాం" అని తోడున్న అత్తే చెప్పాలి, పిల్ల చేత చెప్పించకూడదు. ఛానల్ వాళ్లు మైకు పెడితే, పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల, తల్లిదండ్రుల అనుమతి లేదు అని చెప్పి పక్కకి తప్పించండి. రంగు గురించి "ఎంత తెల్లగా ఉందో" అని ఎదురుగానే అనే చుట్టాల్ని కూడా ఆపండి. ఆమె నల్లజాతి పిల్ల అయితే ఇది ఇంకా ముఖ్యం. మనవాళ్లు చెడ్డగా అనరు గానీ పట్టిపట్టి చూస్తారు, చూపులు కూడా గుచ్చుకుంటాయి.

సిరిమాను కదిలినప్పుడు

మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో మొదలవుతుందనుకున్నా, ఒంటిగంటకల్లా మీ చోటికి చేరిపోండి. ఆ తరవాత దారులు మూసేస్తారు. మేడమీంచి చూస్తే హాయి. కానీ పాత మేడలు, పలచని పిట్టగోడలు ఉన్నచోట పరిమితికి మించి ఎక్కితే దిగిపోండి, ఇంటివాళ్లు ఏమనుకుంటారో అని చూడొద్దు. మూడు తిరుగుళ్లు ఉన్నాయి కాబట్టి రెండు మేడమీంచి, ఒకటి కిందనుంచి చూపించడం నా సలహా. జనం మొదటిసారి ఎక్కువ తోసుకుంటారు. చివరిదానికి కిందికి దిగండి. రోడ్డు మధ్యకి పోకుండా, వెనక్కి సందు ఉన్న అంచులో నిలబడండి.

ముందు వచ్చేవాటిని ఒక్కొక్కటీ పేరుతో చెప్పండి: పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, జాలరి వల. చెరువులో వల వేసి అమ్మవారిని తీశారన్న కథ గుర్తుచేస్తే జాలరి వల ఎందుకుందో పిల్లకి తనంతట తనకే అర్థమవుతుంది. పులివేషాలు, కర్రసాము, తప్పెటగుళ్లు కనబడితే ఆగి చూడనివ్వండి. తప్పెటగుళ్లు మన శ్రీకాకుళం, విజయనగరాల సొత్తు. గుండెమీద కట్టుకున్న తప్పెట వాయిస్తూనే గెంతులేస్తారు. మోత భరించలేకపోతే చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఉంచండి.

ఇంతలో దూరంగా మేడలమీంచి మాను చివర కనబడుతుంది. ముందు ఆ చివర ఒక్కటే, మెల్లిగా ఊగుతూ, దానిమీద కూర్చున్న పూజారి. అప్పటిదాకా గోల చేసిన జనం ఒక్కసారి "జై పైడిమాంబ" అంటారు. అరటిపళ్లు గాల్లోకి లేస్తాయి. పిల్ల చేతిలో రెండు పళ్లు ముందే పెట్టి ఉంచండి, మరీ పండిపోనివి. మాను దగ్గరికొచ్చినప్పుడు పైకి మెల్లిగా విసరాలి, బంతి కొట్టినట్టు గురిపెట్టి కొట్టకూడదు. పళ్లు మనమీద కూడా పడతాయి, కళ్లజోడు ఉన్న పిల్లయితే దానికి తాడు కట్టించండి. విసిరేవేళ ఆమె ఫోను మీరు పట్టుకోండి. ఆ రెండు నిమిషాలు ఫొటో మీరు తీయండి, పండగ ఆమెని చేసుకోనివ్వండి. జర్మనీ పిల్ల విసిరిన పండు ఎక్కడికీ చేరలేదు, పక్కనున్న తాతగారి తలపాగా మీద పడింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని ఆ పిల్ల చేతికే ఇచ్చి, "ప్రసాదం, తినమ్మా" అన్నారు.

జనం ఒక్కసారి నెట్టినట్టయితే ఎదురు నెట్టకూడదు. చేతులు గుండెకి అడ్డం పెట్టుకుని, జనం పోయేవైపే కొంచెం కొంచెం పక్కకి జరుగుతూ సందులోకి తప్పుకోవాలి. చెప్పు జారిపోతే వంగి తీయకూడదు. ఈ రెండూ ఇంట్లోనే చేసి చూపించండి.

చివరి తిరుగుడు అయిపోగానే బయల్దేరొద్దు. మకాంలోనే టీ తాగి, ఓ గంట ఆగండి. జనం పలచబడ్డాక నడుచుకుంటూ ఇంటికి రండి. ఉత్సవాల కార్యక్రమాలు రాత్రి ఉంటాయి గానీ, పిల్ల కళ్లు మూతలు పడుతుంటే ఇంటికే తీసుకెళ్లండి. స్నానానికి వేణ్నీళ్లు, చారన్నం, పడక.

మర్నాడు

పొద్దున్న వాళ్లింటికి వీడియోకాల్ చేయించండి. మీరు కూడా రెండు నిమిషాలు మాట్లాడండి. గుంపు ఫొటోలు చూసి భయపడే తల్లికి, ఎవరు పక్కన ఉన్నారో మీ నోటితో వింటే స్థిమితం కలుగుతుంది. ఫొటోలు మీ స్టేటస్‌లో పెట్టేముందు పిల్లని అడగండి. స్కూలు సెలవు ఉంటే మధ్యాహ్నందాకా పడుకోనివ్వండి. ఒకవేళ దిగులుగా, మాట్లాడకుండా ఉంటే కంగారుపడొద్దు. ఇంటినిండా బంధువుల్ని చూశాక తన ఇల్లు గుర్తురావడం సహజం. ఆ రోజు కొత్త కార్యక్రమం ఏదీ పెట్టకండి.

ఆ వారంలో ఆమెకి కుదిరితే బొబ్బిలి తీసుకెళ్లండి. కథ అక్కడే మొదలైంది కదా. దగ్గర్లోని గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసే ఇళ్లున్నాయి. ఒకే దుంగని తొలిచి వీణ చెయ్యడం చూస్తే హుకుంపేటలో చూసిన చింతమాను కూడా మాటల్లోకి వస్తుంది.

వచ్చే మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం, ఆపై మంగళవారం ఉయ్యాలకంబాల. సిరిమాను అంత తోపులాట వీటికి ఉండదు. తెప్పోత్సవానికి ఎండ తగ్గాక చెరువుగట్టుకి వెళ్లండి. ఇంట్లో చిన్నపిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు. ఈసారి కథ వాళ్లకి ఆ పిల్లనే చెప్పమనండి, వచ్చిన తెలుగులోనే.